భూమికి తొందర లేదు... వడ్డీకే తొందర!

మా బాబాయి బడిపంతులు. ముప్ఫయ్యేళ్లపాటు పిల్లలకు ఎక్కాలు నేర్పినవాడు. బారువడ్డీ, చక్రవడ్డీ లెక్కలు నల్లబల్ల మీద వేసి, తప్పుచేసినవాడికి తొడపాశం పెట్టినవాడు. అలాంటి బాబాయి 2015లో తన సొంత లెక్క ఒకటి తప్పాడు. దాని ఖరీదు... అరెకరం పొలం!

ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో తరచూ కనిపించే ప్రశ్న ఒకటుంది: 'కొంత డబ్బుంది, మిగతాది అప్పుచేసి స్థలం కొనొచ్చా? రేటు పెరిగాక అమ్మి అప్పు తీర్చేస్తే సరిపోతుంది కదా?' అప్పుచేసి పప్పుకూడు తింటే తప్పన్నారు పెద్దలు. అప్పుచేసి భూమి కొంటే మాత్రం మన దగ్గర దాన్ని తెలివి అంటారు. ఆ తెలివి ఎక్కడ పనిచేస్తుందో, ఎక్కడ బెడిసికొడుతుందో ఈ వారం చూద్దాం. బాబాయిని అడిగే రాస్తున్నా. 'పేరు వెయ్యకపోతే రాసుకో. నలుగురికి పనికొస్తే అంతకన్నా ఏం కావాలి' అన్నాడు.

ఆరు నెలల మాట

2015 సంగతి గుర్తుందిగా! కొత్త రాజధాని కోసం 29 గ్రామాల్లో రైతులు వేల ఎకరాలు సమీకరణకు ఇచ్చారు. అక్టోబరు 22న అమరావతికి శంకుస్థాపన జరిగింది. గుంటూరు, విజయవాడల నుంచి అటు వెళ్లే ప్రతి రోడ్డు పక్కనా రంగురంగుల జెండాలు, షామియానాలు, బ్రోచర్లు. టీ కొట్టు దగ్గర కూడా గజాల లెక్కే. పొద్దున చెప్పిన రేటు సాయంత్రానికి ఉండేది కాదు.

బాబాయి కూడా ఓ ప్రైవేటు వెంచర్‌లో 200 గజాల ప్లాటు చూశాడు. గజం 12 వేలు. మొత్తం 24 లక్షలు. పీఎఫ్ డబ్బు, పొదుపు, పిన్ని గాజులు... అన్నీ కలిపితే 14 లక్షలు తేలాయి. మిగతా పది లక్షలకు ఊళ్లో ఒకాయన దగ్గర నోటు రాశాడు. రెండు రూపాయల వడ్డీ. 'ఆరు నెలల్లో గజం 18 వేలు అవుతుంది. అమ్మేస్తా, నోటు చించేస్తా' అన్నది బాబాయి లెక్క. అందులో వింతేమీ లేదు. ఆ రోజుల్లో అలా కొని, అమ్మి, కారు కొనుక్కున్నవాళ్లు మా వీధిలోనే ఉన్నారు.

ఆరు నెలలు పోయాయి. రేటు పెరిగిందన్నారు. కానీ కొనేవాడు రాలేదు! 'ఇంకాస్త ఆగితే ఇంకా పెరుగుతుంది' అన్నాడు బ్రోకరు. 2018 వచ్చింది. ప్రామిసరీ నోటుకు కాలపరిమితి మూడేళ్లు. ఆలోగా తిరగరాయకపోతే కోర్టులో చెల్లదని అప్పిచ్చినాయన ఇంటికొచ్చి కూర్చున్నాడు. అసలూ వడ్డీ కలిపి కొత్త నోటు రాశాడు బాబాయి. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చింది. ఆ తర్వాత ఆ ప్లాటు గురించి అడిగినవాడే లేడు. 2021లో రెండో నోటుకూ గడువు దగ్గరపడింది.

రెండు రూపాయల లెక్క

రెండు రూపాయల వడ్డీ... వినడానికి ఎంత చిన్నగా ఉందో! నూటికి నెలకు రెండు రూపాయలే కదా అనిపిస్తుంది. కానీ ఏడాదికి అది 24 శాతం. మూడేళ్లకు 72 శాతం. పది లక్షలు మూడేళ్లకు 17 లక్షల 20 వేలు. నోటు తిరగరాయగానే ఆ మొత్తం అసలైపోతుంది. మరో మూడేళ్లకు దాని మీద మళ్లీ 72 శాతం... 29 లక్షల 58 వేలు! అంటే ఆరేళ్లలో అప్పు దాదాపు మూడు రెట్లు. దాన్ని అందుకోవాలంటే భూమి ధరా ఆరేళ్లలో మూడు రెట్లు కావాలి. పైగా సరిగ్గా ఆరో ఏట కొనేవాడూ దొరకాలి.

చక్రవడ్డీ నేర్పిన మాస్టారికి ఇది తెలియదా? తెలుసు. కాకపోతే ఆయన వేసుకున్నది ఆరు నెలల లెక్క. ఆరేళ్ల లెక్క వేసుకోలేదు.

చివరికి 2021లో పెద్దమనుషులు కూర్చుని బాకీని 26 లక్షలకు తెగ్గొట్టారు. ప్లాటును గజం ఏడు వేలకు అమ్మితే 14 లక్షలు వచ్చాయి. మిగతా 12 లక్షలకు తాతగారి నాటి అరెకరం పొలం పోయింది. 24 లక్షలు పెట్టి కొన్న ప్లాటూ లేదు, దానికోసం పెట్టిన 14 లక్షలూ లేవు, పొలమూ లేదు.

అసలు తమాషా ఆ తర్వాత జరిగింది. 2022 మార్చిలో హైకోర్టు అమరావతినే రాజధానిగా అభివృద్ధి చేయాలని తీర్పిచ్చింది. 2024 జూన్‌లో ప్రభుత్వం మారింది. 2025 మే 2న ప్రధాని చేతుల మీదుగా పనులు మళ్లీ మొదలయ్యాయి. ఆ దారిలో బోర్డులు మళ్లీ లేచాయి. బాబాయి ప్లాటు కొనుక్కున్నాయనకు అప్పు లేదు. అందుకే ఆయన ఆగగలిగాడు.

ఈ కథలో నీతి 'భూమి కొనొద్దు' అని కాదు. భూమి విషయంలో బాబాయి అంచనా తప్పలేదు, ఆలస్యమైందంతే. తప్పింది అప్పు విషయంలో. భూమికి తొందర లేదు. పదేళ్లయినా అక్కడే ఉంటుంది. వడ్డీకి మాత్రం నెల తిరిగేసరికి చెల్లింపు కావాలి.

లాభం పెంచేదే నష్టమూ పెంచుతుంది

అప్పుతో పెట్టుబడి ఎందుకంత ఊరిస్తుందో ఓ చిన్న లెక్కలో చూద్దాం. ఇరవై లక్షల ప్లాటు. మన చేతి డబ్బు అయిదు లక్షలు. పదిహేను లక్షలు అప్పు, ఏడాదికి 12 శాతం వడ్డీ. అంటే ఏడాది వడ్డీ లక్షా 80 వేలు.

ఏడాదిలో ధర 20 శాతం పెరిగి 24 లక్షలైందనుకోండి. నాలుగు లక్షల లాభంలో వడ్డీ పోగా మిగిలేది రెండు లక్షల 20 వేలు. మనం పెట్టింది అయిదు లక్షలే కాబట్టి అది 44 శాతం లాభం! ఏ బ్యాంకు ఇస్తుంది ఇంత? అందరికీ కనిపించేది ఈ లెక్కే.

ధర కదలకుండా ఉండిపోయిందనుకోండి. ప్లాటు విలువ తగ్గలేదు. అయినా లక్షా 80 వేలు పోయాయి. మన డబ్బులో 36 శాతం! ధర పది శాతం తగ్గితే? రెండు లక్షల తరుగు, లక్షా 80 వేల వడ్డీ... మొత్తం మూడు లక్షల 80 వేలు. మన అయిదు లక్షల్లో 76 శాతం ఒక్క ఏడాదిలో ఆవిరి. సొంత డబ్బుతో కొన్నవాడికి మాత్రం ఇదే ఏడాది పోయింది పది శాతమే.

ఇందులో రిజిస్ట్రేషన్ ఖర్చు కలపలేదు. స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ దాదాపు ఏడున్నర శాతం. ఇరవై లక్షల మీద లక్షన్నర. అంటే రిజిస్ట్రారు ఆఫీసు మెట్లు దిగేసరికే మనం లక్షన్నర వెనకబడి ఉంటాం.

బ్యాంకు అప్పయితే భయం లేదా?

'మేం రెండు రూపాయల వడ్డీకి పోం. బ్యాంకు లోనే' అంటారు చాలామంది. మంచిదే. వడ్డీ తక్కువ, కాగితాలు పక్కా. కానీ ఇక్కడా తిరకాసు ఉంది.

గృహరుణాల్లో ఎక్కువ శాతం మారే వడ్డీవే. 2019 అక్టోబరు నుంచి బ్యాంకులు ఇచ్చే కొత్త మారే వడ్డీ గృహరుణాలను రెపో లాంటి బయటి రేటుకు ముడిపెట్టారు. కరోనా వేళ 2020 మేలో రెపో నాలుగు శాతానికి దిగింది. అప్పుడు చవగ్గా వస్తోందని అప్పు తీసుకున్నవాళ్లు ఎందరో! 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు అదే రెపో ఆరున్నరకు ఎక్కింది. పది నెలల్లో రెండున్నర శాతం.

రెండున్నరే కదా అనకండి. 50 లక్షల అప్పు, ఇరవై ఏళ్లు, ఏడు శాతం వడ్డీ అయితే నెలవాయిదా 38,765 రూపాయలు. వడ్డీ తొమ్మిదిన్నర అయితే 46,607. నెలకు దాదాపు ఎనిమిది వేలు అదనం. వాయిదా పెంచకుండా పాతదే కడదామంటే? 50 లక్షల మీద తొమ్మిదిన్నర చొప్పున నెల వడ్డీయే 39,583. అంటే పాత వాయిదా వడ్డీకి కూడా చాలదు! ఏడాదిన్నర కట్టి అసలు కొంత తగ్గించుకున్నా, ఆ పాత వాయిదాలో అసలుకు చేరేది నెలకు ఆరేడు వందలే. ఉద్యోగ విరమణ దాటినా అప్పు తీరదన్న సంగతి చాలామందికి అప్పుడే తెలిసింది. ఇలాంటి ఫిర్యాదులు పెరగడంతో, రేటు మారినప్పుడు వాయిదా పెంచుకోవాలా, కాలం పెంచుకోవాలా, స్థిర వడ్డీకి మారాలా అన్న ఎంపిక అప్పుదారుకే ఇవ్వాలని రిజర్వుబ్యాంకు 2023 ఆగస్టులో చెప్పింది. 2025లో రెపో మళ్లీ తగ్గింది. తగ్గిందని సంతోషిద్దాం. మళ్లీ పెరగదన్న హామీ మాత్రం ఎవరూ ఇవ్వలేరు.

ఇక కట్టలేకపోతే? 90 రోజులు వాయిదా ఆగితే అది మొండిబాకీ. 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు 60 రోజుల నోటీసు ఇచ్చి, కోర్టుకు వెళ్లకుండానే ఆస్తిని వేలం వేయొచ్చు. వేలంలో వచ్చింది బాకీకి చాలకపోతే, మిగతాదీ మన నెత్తినే. 'ఇల్లు తీసేసుకోండి, అప్పు సరి' అంటే కుదరదు.

అద్దె వస్తుందిగా!

'ఫ్లాటు కొని అద్దెకిస్తాం. అద్దెతో వాయిదా కట్టేస్తాం' అన్నది ఇంకో లెక్క. కాగితం మీద పెట్టి చూద్దాం. 80 లక్షల ఫ్లాటు. 20 లక్షలు మనవి, 60 లక్షలు అప్పు. ఎనిమిదిన్నర శాతం, ఇరవై ఏళ్లు. వాయిదా నెలకు 52,069. అద్దె 22 వేలు వస్తుందనుకుందాం. మిగతా 30 వేలు? మన జీతంలోంచి!

అయిదేళ్లు ఇలా కడితే బ్యాంకుకు చేరేది 31 లక్షల పైచిలుకు. అందులో అసలు తగ్గేది ఏడు లక్షల చిల్లర మాత్రమే. ఇంకా 53 లక్షల దాకా బాకీ ఉంటుంది. మొదట పెట్టిన 20 లక్షలు, రిజిస్ట్రేషన్‌కు ఆరు లక్షలు, అయిదేళ్లపాటు చేతినుంచి వేసిన 18 లక్షలు... మొత్తం మన డబ్బు 44 లక్షలు. బాకీ కలిపితే, ఆ ఫ్లాటు అయిదేళ్ల తర్వాత 97 లక్షలకు అమ్ముడుపోతే పెట్టింది పెట్టినట్టు వస్తుంది. మన 44 లక్షలకు అయిదేళ్లలో వడ్డీ సున్నా! ఈలోపు ఇంటిపన్ను, మెయింటెనెన్సు, అద్దె రాని నెలలు, అమ్మేటప్పుడు బ్రోకరు కమిషను కలపనేలేదు.

ఫ్లాటుకు కనీసం అద్దె ఉంది. ఖాళీ ప్లాటుకు అదీ లేదు. పైగా స్థలం కోసం తీసుకున్న అప్పుకు ఇల్లు కట్టేదాకా గృహరుణానికి ఉండే పన్ను రాయితీ రాదు. కొన్నేళ్లలో ఇల్లు కట్టాలన్న షరతుతోనే ప్లాటు లోను ఇచ్చే సంస్థలూ ఉన్నాయి.

దాగిన అప్పులు

అప్పు అంటే నోటు, లోను మాత్రమే కాదు. మరో రెండు వేషాల్లో కూడా వస్తుంది.

ఒకటి బయానా. పదిశాతం అడ్వాన్సు ఇచ్చి, మిగతాది ఆరు నెలల్లో కడతానని అగ్రిమెంటు రాసుకుంటారు. గడువులోగా ఇంకొకరికి ఎక్కువ రేటుకు అంటగట్టి, మధ్యలో లాభం తీసుకోవాలని ఆశ. రేట్లు పెరిగినంతకాలం చేతులు మారుతుంటుంది. ఆగిన రోజు అగ్రిమెంటు ఎవరి చేతిలో ఉంటే వాళ్లు మునుగుతారు. మిగతా 90 శాతం తేలేక బయానా వదులుకోవాలి. లేదంటే పరువు కోసం బయట వడ్డీకి తెచ్చి రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి.

రెండోది, ఇల్లు కట్టకముందే చేసే అప్పు. 'ఇల్లు చేతికొచ్చేదాకా వాయిదాలు బిల్డరే కడతాడు' అన్న పథకాలు ఢిల్లీ పరిసరాల్లో బాగా నడిచాయి. బిల్డర్లు కట్టడం ఆపేశాక బ్యాంకులు కొనుగోలుదారుల మీద పడ్డాయి. ఇల్లు లేదు, వాయిదా ఉంది, ఉంటున్న ఇంటికి అద్దె ఉంది! నిర్మాణం ఎంత సాగితే అంతే డబ్బు విడుదల చేయాలని రిజర్వుబ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది. ఇలాంటి పథకాలకు దూరంగా ఉండమని 2019లో జాతీయ హౌసింగ్ బ్యాంకు గృహరుణ సంస్థలకూ చెప్పింది. చివరికి 2025లో సుప్రీంకోర్టు బిల్డర్లు, బ్యాంకుల తీరు మీద సీబీఐ విచారణకు ఆదేశించింది.

మన హైదరాబాద్‌లో ఇది ప్రీలాంచ్ పేరుతో వచ్చింది. 'మొత్తం ఒకేసారి కట్టండి, సగం ధరకే ఫ్లాటు' అంటారు. అనుమతులు లేవు కాబట్టి బ్యాంకు గృహరుణం ఇవ్వదు. అందుకే బంగారం కుదువపెట్టి, పర్సనల్ లోన్లు తీసి కట్టారు జనం. రెరా చట్టం ప్రకారం నమోదు కావాల్సిన ప్రాజెక్టుల్లో, నమోదుకు ముందు అమ్మకాలు చేయకూడదు. అమ్మకపు ఒప్పందం రిజిస్టరు చేయకుండా ధరలో పదిశాతానికి మించి తీసుకోకూడదు. ఈ ఒక్క ముక్క తెలిస్తే చాలు, ఎన్నో ఇళ్లు నిలబడేవి.

అయితే అప్పే వద్దా?

వద్దనడం లేదు. అప్పు లేకుండా సొంతిల్లు కట్టుకోగలిగిన మధ్యతరగతి ఎంతమంది? ఉండటానికి ఇల్లు కొనుక్కున్నవాడు రేటు పడిపోయినా అందులోనే నిద్రపోతాడు. అమ్మాల్సిన అవసరం లేదు. అమ్మడం కోసమే అప్పుచేసి కొన్నవాడికే చిక్కు. కొనేముందు కొన్ని ప్రశ్నలు వేసుకుందాం:

రేటు ఎంత పెరుగుతుంది అని కాదు, పెరగకపోతే నేను ఎన్నేళ్లు వడ్డీ కట్టగలను? కనీసం అయిదేళ్లు కట్టలేకపోతే ఆ అప్పు మనది కాదు.

ఆర్నెల్లు జీతం ఆగితే వాయిదాలకు సరిపడా డబ్బు విడిగా ఉందా? కొనడానికి పెట్టిన డబ్బు ఈ లెక్కలోకి రాదు.

చేతి డబ్బు నిజంగా చేతిదేనా? 30 లక్షల దాకా గృహరుణమైతే ఇంటి విలువలో 90 శాతం, 75 లక్షల దాకా 80 శాతం, ఆపైన 75 శాతం మించి ఇవ్వొద్దని బ్యాంకులకు రిజర్వుబ్యాంకు నియమం. మిగతాది మనం పెట్టాలనడం మనల్ని కాపాడటానికి కూడా. ఆ వాటానూ పర్సనల్ లోనుతో పూడ్చామంటే మనకు మనమే గోడ కూల్చుకున్నట్టు.

ఈ స్థలానికి బ్యాంకు అప్పిస్తుందా? లింకు డాక్యుమెంట్లు, ఈసీ, లేఅవుటు అనుమతి చూసి బ్యాంకు లాయరు కాదన్న ప్లాటును బయటి వడ్డీకి తెచ్చి కొంటున్నామంటే, ఓ క్షణం ఆగాల్సిందే.

వడ్డీ రెండు శాతం పెరిగితే నెలవాయిదా ఎంతవుతుంది? సంతకానికి ముందే బ్యాంకులో అడగండి. వ్యక్తులు మారే వడ్డీ గృహరుణాన్ని ముందే తీర్చేస్తే జరిమానా ఉండదు. బోనస్ వచ్చినప్పుడల్లా అసలు తగ్గించుకోండి.

ఇంట్లో అందరికీ తెలుసా? పిన్నికి నోటు సంగతి తెలిసింది 2018లో, అప్పిచ్చినాయన గుమ్మంలో కూర్చున్నప్పుడు! 'ముందే చెప్పి ఉంటే గాజులు ఇచ్చేదాన్ని కాదు, నోటూ రాయనిచ్చేదాన్ని కాదు' అంటుంది ఇప్పటికీ.

మొన్న పండక్కి వెళ్లినప్పుడు బాబాయిని స్కూటర్ మీద ఎక్కించుకుని అటువైపు వెళ్లా. ప్లాటు దగ్గర ఆపమన్నాడు. చుట్టూ ప్రహరీ కట్టి, గేటు పెట్టారు. కాసేపు చూసి, 'స్థలం మంచిదేరా, నేను చెప్పలా!' అన్నాడు. అవునన్నాను. తిరిగొచ్చేదాకా ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

ఇంటికొచ్చాక పక్కింటి కుర్రాడు బ్రోచరు పట్టుకుని వచ్చాడు. కొత్త వెంచరట, సలహా కావాలట. బాబాయి కళ్లజోడు పెట్టుకుని బ్రోచరు పక్కన పెట్టేశాడు. తెల్లకాగితం తీసి పైన రాశాడు... 'అప్పు ఎంత? వడ్డీ ఎంత? ఎన్నేళ్లు?'

ఆ తర్వాతే గజం ఎంత అని అడిగాడు.